కావలివారును పాఠకులును

ఒక గ్రంథము మంచిదా, చెడ్డదా యని పాఠకులు వాదించుకొనుట లోకసహజము. ఆ గ్రంథములోని హంతకుడు చేసినపని ఒప్పా, తప్పా యని దశాబ్దముల పర్యంతము వాదించుకొనుచుండుట మాత్రము అరుదు. ఆంగ్లేయ రచయిత ఆలన్ మూర్ వ్రాయగా డేవ్ గిబ్బన్స్ చిత్రించిన "వాచ్‌మెన్" అను బొమ్మల నవలకు అట్టి భాగ్యము పట్టినది. జాన్ హిగిన్స్ రంగులద్దిన యీ కథను అమెరికాలోని డీసీ కామిక్స్ సంస్థవారు 1986, 1987 సంవత్సరములలో పండ్రెండు సంచికలుగా ప్రకటించి, పిమ్మట ఒక్క సంపుటముగా కూర్చిరి. 1988లో దీనికి హ్యూగో బహుమానము వచ్చెను. 1923 తరువాత వెలువడిన నూఱు ఉత్తమ ఆంగ్ల నవలలను 2005లో ఏర్చి కూర్చిన టైమ్ పత్రిక ఆ పట్టికలో దీనికిని చోటిచ్చెను. చదువనివారికి దీని పేరు "కావలివారు" అని చెప్పవచ్చును. కావలికి నిలిచినవారిపై మరల కావలి యెవరిదను రోమను కవి జువెనాల్ ప్రశ్నయే దీనికి పేరును, ప్రాణమును.

సంపాదకీయము వ్రాయదగినంతటి విషయమా యిది, బొమ్మల పుస్తకములు పిల్లల కాలక్షేపము కదా యని ముక్కుమీద వ్రేలు వేసికొను పెద్దలు మా పాఠకులలో ఉందురని యెఱుగుదుము. డిటెక్టివు నవలలను గూర్చియు మన యిండ్లలో ఒకప్పుడు ఇట్లే యనుకొనిరి. తలగడ క్రింద దాచుకొని చదివినవారే తరువాత వానిని పిల్లలకు కొనియిచ్చిరి. ఆ మాట యటుండనిండు. ఈ నవలను చదివినవారు దేనిని గూర్చి తగవులాడుచున్నారు? శిక్షించు అధికారము ఎవనికి గలదు, శాంతికొఱకు ఎందఱిని చంపవచ్చును, ప్రజలకు తెలియనీయక ప్రజలకు మేలు చేయవచ్చునా యనుటను గూర్చి. పత్రికలవారికి ఇవి పరాయి ప్రశ్నలు కావు.

కథలోని గుట్టు విప్పక దీనిని గూర్చి వ్రాయుట మాకు సాధ్యము కాదు. గుట్టెఱుగక చదువగోరువారు ఈ పుటను మడిచి దాచుకొని, చదివిన పిమ్మట మరల తెఱతురు గాక.

కథ 1985లో న్యూయార్కు నగరమున జరుగును. అది మన చరిత్రలోని న్యూయార్కు కాదు. అందు వియత్నాము యుద్ధమును అమెరికా గెలిచినది. నిక్సన్ ఇంకను అధ్యక్షుడే. ముసుగులు వేసికొని దుండగులను దండించు వీరులను 1977లో ఒక శాసనము నిషేధించినది. వారిలో నిజముగా అమానుషశక్తి కలవాడు డాక్టర్ మన్‌హాటన్ ఒక్కడే. తక్కినవారు కండబలమును, వేషమును గల మనుష్యమాత్రులు. ఒక రాత్రి ఎడ్వర్డ్ బ్లేక్ అను ముసుగువీరుని ఎవరో మేడ కిటికీనుండి క్రిందికి త్రోసి చంపుదురు. శాసనమును లెక్కసేయక తిరుగుచున్న రోర్షాక్ అనువాడు హంతకుని వెదకుటకు బయలుదేఱును. అంతలో అమెరికా రష్యాలు అణుయుద్ధపుటంచునకు వచ్చును. తుదకు తేలినదేమనగా, హంతకుడు వారి పూర్వసహచరుడే. లోకములో అందఱికన్న తెలివిగలవాడని పేరుపొందిన ఆడ్రియన్ వైడ్ట్. వేఱొక లోకమునుండి భూతమేదో వచ్చిపడినదని ఉభయరాజ్యములు నమ్మునట్లు, తాను రహస్యముగా సృష్టింపించిన ఘోరజంతువునొకదానిని నగరము నడుమకు పంపి, నగరజనములో సగమును అర్ధరాత్రమున చంపును. ఈ పన్నాగము ముందుగా కనిపెట్టినందుకే బ్లేక్ హతుడయ్యెను. పన్నాగము పాఱును, వైరులు చేతులు కలుపుదురు. నిజము తెలిసిన తక్కిన వీరులు లోకశాంతి చెడునని నోరు మూసికొందురు. రోర్షాక్ ఒక్కడే మూసికొననని మంచులో నిలిచి డాక్టర్ మన్‌హాటన్ చేత ప్రాణము విడుచును.

అపరాధపరిశోధన కథగా ఇది యెట్టిదని యడిగినచో పాఠకుల తీర్పు ఒక్కటిగా లేదు. హంతకుడెవ్వడో సగము కథ నడువకముందే ఊహించితిమని కొందఱు పెదవి విఱుతురు. ఊహించిరి కాబోలు! కాని మొదటి పుటనుండి వీథులలో లోకాంతము వచ్చినదని బల్ల పట్టుకొని తిరుగు ఎఱ్ఱజుట్టు బికారియే రోర్షాక్ అని ఎందఱు గుర్తించిరి? ఒక్కొక్క పుటను తొమ్మిది గడులుగా కొలిచి విభజించిన యా చిత్రకారుడు ఆనవాళ్ళను కన్నులయెదుటనే పెట్టి, మనము చూడమని ధైర్యముగా నమ్మెను. అయిదవ అధ్యాయము నడుమనుండి ఇరువైపులకును అద్దములో నీడవలె ఒక పుటకొక పుట సరిపోవునట్లు కూర్పబడినదన్న సంగతి పలువురకు రెండవసారి చదివినప్పుడు గాని తెలియదు. సముద్రపు దొంగల కథ నడుమనడుమ అడ్డువచ్చి విసిగించునన్నవారితో మాకు తగవు లేదు. మాకును మొదట విసుగే కలిగినది.

వింత యేమనగా, ఇంతటి వాదమునకు నాటి సంచికలలో చోటే లేకపోయెను. అమెరికా బొమ్మల పత్రికలలో పాఠకుల లేఖలకు కడపటి పుటలను విడుచుట ఆచారము. ఈ సంచికలలో ఆ పుటలను కథలోని పాత్రలు వ్రాసిన స్వీయచరిత్రలతోను, వైద్యుని నివేదికలతోను, పత్రికావ్యాసములతోను నింపిరి. మొదట లేఖలు అందువఱకే యట్లు చేయదలచి, అది బాగుండుటచే పిమ్మటను మానకపోయిరట. పాఠకుల నోరు ఇట్లు మూసిన సంస్థయే 1988లో వేఱొక కథయందు దానిని విపరీతముగా తెఱచెను. బాట్‌మన్ అనుచరుడగు రాబిన్, అనగా జేసన్ టాడ్ అను బాలుడు, బ్రదుకవలెనా చావవలెనా యని పాఠకులనే టెలిఫోనులో ఓటు వేయుడని కోరిరి. ఒక్కొక్క పిలుపునకు యాబది సెంట్ల రుసుము. 5,343 ఓట్లు చావుకును, 5,271 ఓట్లు బ్రదుకునకును పడెను. డెబ్బదిరెండు ఓట్ల తేడాతో బాలుడు చచ్చెను. అభిప్రాయమునకును ఉబలాటమునకును గల భేదమును ఇంత చౌకగా చూపిన ఉదాహరణము మాకు మఱియొకటి తెలియదు.

ఇక ముఖ్యమైన తగవునకు వత్తము. పాఠకులలో పెక్కుమంది రోర్షాక్‌ను వీరుడందురు. ఏల? అతడు లంచము పుచ్చుకొనడు, భయపడడు, లోకమంతయు ఒకవైపున్నను తన మాట విడువడు. ఈ గుణములు గొప్పవే, కాదనువాడు మూర్ఖుడు. రచయితయగు మూర్ మాత్రము ఈ పాత్రను ఒక హెచ్చరికగా సృష్టించితినని పలుమాఱులు చెప్పుచు, పాఠకులు అతనిని ఆదర్శముగా గైకొనుటకు విస్తుపోయెను. స్టీవ్ డిట్కో అను చిత్రకారుడు సృష్టించిన కొందఱు నిష్ఠురవీరులను నిజలోకమున నిలిపిన ఎట్లుండునో చూపుటకే తాను రోర్షాక్‌ను వ్రాసితినని ఆతని వాదము. 2019లో డేమన్ లిండెలాఫ్ ఈ కథకు అనుబంధముగా తీసిన టెలివిజను ధారావాహికలో, తెల్లజాతి దురహంకారుల ముఠా యొకటి రోర్షాక్ ముసుగును ధరించి నల్లవారిపై బడును. ఆ ధారావాహిక 1921లో టల్సా నగరమున నల్లవారిపై జరిగిన నిజమైన మారణకాండతో ఆరంభమగును. తమ వీరుని ముసుగునకు ఇంతటి అపకీర్తి తగదని కొందఱు అభిమానులు మండిపడిరి. తనకు ఎదురులేని తీర్పరిని ముసుగులో చూచి మెచ్చువాడు, ఆ ముసుగు రేపు ఎవని తలకెక్కునో యని యొక్కసారి తలంపవలదా?

రెండవ పక్షమువారు వైడ్ట్‌ను సమర్థింతురు. వారిది గణితము. కొన్ని లక్షలు చచ్చినచో కోట్లు బ్రదికెను; లెక్క సరిపోయినది. ఈ లెక్కను వినుటకే కొందఱికి రోత. అట్టివారు రోర్షాక్ పక్షమున చేరి, రాజీలేని సత్యమునకు జయపెట్టుదురు. ఇచ్చట ఒక్క సంగతిని ఉభయపక్షములును మఱచుచున్నవి. ఆఱవ అధ్యాయము చివర, రోర్షాక్ బాలుడుగా నున్నప్పుడు బడిలో వ్రాసిన యొక వ్యాసము కలదు. జపానుపై అణుబాంబు వేయించి ట్రూమన్ అధ్యక్షుడు మఱింత యుద్ధము లేకుండ లక్షలకొలది జనులను కాపాడెనని ఆ బాలుడు అందు మెచ్చుకొనును. పెద్దవాడైన పిమ్మటను ట్రూమన్ అతనికి ఆదర్శపురుషుడే. హిరోషిమాలో 1945 ఆగస్టు 6వ తేదీని జరిగినదానికిని, న్యూయార్కులో వైడ్ట్ చేసినదానికిని లెక్క యొక్కటే. దూరపువారు చచ్చినప్పుడు మెచ్చిన లెక్కను, తన వీథివారు చచ్చినప్పుడు రోర్షాక్ ఒప్పుకొనలేకపోయెను. ఒప్పుకొనకపోవుటయే మేలు. కాని రాజీయెఱుగని వాడన్న బిరుదు మాత్రము అతనికి చెల్లదు.

ధర్మరాజు యుద్ధము ముగియవలెనని ఆడిన సగము మాటకే ఆతని రథము నేలకు దిగినదని విన్నవారము మనము. నిద్రించువారిని అర్ధరాత్రమున చంపిన అశ్వత్థామకు ఏ గతి పట్టెనో ఆ కథయే చెప్పుచున్నది. వైడ్ట్ చేసిన పనిలో ఆ రెండును కలవు. ఆతని రథము దిగదు; లోకము ఆతనికి జోతలిడును. తన పని తుదకు సఫలమైనట్లే కదా యని ఆతడు డాక్టర్ మన్‌హాటన్‌ను అడిగినప్పుడు, దేనికిని తుది లేదన్న భావము వచ్చునట్లు మాత్రము జవాబు దొరకును. ఆ జవాబు విన్న వైడ్ట్ మొగమును గిబ్బన్స్ చిత్రించిన విధము చూడదగినది. గణితముతో తృప్తిపడు పాఠకులు ఆ గడియొద్ద కొంచెము సేపు ఆగవలెను.

రోర్షాక్ ముసుగు పుట్టుక మఱింత విచారింపదగినది. అతడు వస్త్రముల కర్మాగారములో పనిచేయు దినములలో ఒక స్త్రీ కుట్టించుకొనజూచి, వికారముగా నున్నదని వదలిపోయిన గౌనుగుడ్డతో ఆ ముసుగు చేసికొనెను. ఆ స్త్రీ కిట్టీ జెనోవీస్ అని అతని నమ్మకము. ఈమె కల్పితపాత్ర కాదు. 1964 మార్చి 13వ తేదీ తెల్లవాఱుజామున న్యూయార్కు నగరములోని క్వీన్స్ భాగమున, తన యింటి ముంగిట కత్తిపోట్లకు గుఱియై మరణించిన యువతి. ముప్పదియెనిమిది మంది పొరుగువారు ఆ హత్యను చూచుచు నూరకుండిరని రెండు వారముల పిమ్మట న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించెను. దేశము నివ్వెఱపోయెను. మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దీనిపై పరిశోధనలు చేసిరి, పాఠ్యగ్రంథములలో నెక్కెను. కథలోని రోర్షాక్ సయితము పత్రికలో ఈ వార్త చదివి, మనుష్యజాతి యింతే యని మొగము కప్పుకొనెను.

వార్త నిజము కాదు. హత్య నిజము; ముప్పదియెనిమిది మంది నిలువునా చూచుచుండిరనుట నిజము కాదు. పలువురకు కేకలు వినబడెనే గాని సంగతి తెలియలేదు. ఒకడు కిటికీనుండి కేకవేయగా హంతకుడు మొదట పాఱిపోయి, మరల వచ్చెను. పొరుగింటి స్త్రీ యొకతె మెట్లు దిగి పరుగెత్తుకొనివచ్చి, ప్రాణము పోవుచున్న ఆ యువతిని చేతులలో పట్టుకొనెను. సాక్షుల సంఖ్యను, వారు చూచినదానిని మిక్కిలి పెంచి వ్రాసితిమని ఆ పత్రికయే 2016లో, హంతకుడు చెఱసాలలో చచ్చినప్పుడు, ఒప్పుకొనెను. తప్పు దిద్దుటకు యాబదిరెండేండ్లు పట్టినది. ఆ నడుమ ఎన్ని ముసుగులు కుట్టబడెనో యెవరు చెప్పగలరు! సాటి పత్రికవారమగుటచే ఈ సంగతిని మేము తేలికగా విడువలేకున్నాము.

మూర్ ఈ కథను వ్రాయునాటికి ఆ దిద్దుబాటు ఇంకను రాలేదు. అయినను ఆతని కథలోనే ఆ దిద్దుబాటు కలదని మా తలంపు. పాఠకుల అభిప్రాయములలో మాకు కనబడిన పెద్దలోపము ఇచ్చటనే యున్నది. ఒకరు రోర్షాక్ అందురు, ఒకరు వైడ్ట్ అందురు. వీథిమూలన నున్నవారిని గూర్చి మాటాడువారు తక్కువ.

ఆ మూలన ఒక పత్రికల దుకాణము కలదు. దుకాణదారుని పేరు బెర్నార్డ్. భార్య పోయినవాడు, పొద్దున లేచినది మొదలు వచ్చువారిని పోవువారిని పట్టుకొని లోకవ్యవహారములను గూర్చి ఉపన్యసించును. ఒకనాడు రష్యాపై బాంబు వేయవలెననును, మఱియొకనాడు యుద్ధము వచ్చునేమో యని వణకును. ఆనాటి శీర్షిక యెట్లున్న ఆతని అభిప్రాయమట్లుండును. ఆతనిని చూచి మేము నవ్వుకొంటిమి, కొంత సిగ్గునుపడితిమి. ప్రక్కన గోడకానుకొని నల్లపిల్లవాడొకడు కొనకుండనే సముద్రపు దొంగల బొమ్మల పుస్తకమును చదువుచుండును. యుద్ధవార్త వచ్చిననాడు దుకాణదారుడు ఆ పుస్తకమును వానికి ఊరకే యిచ్చివేయును. చాల దినములు ప్రక్కప్రక్కన గడిపినను ఒకరి పేరొకరెఱుగరు. పదునొకండవ అధ్యాయమున గాని పిల్లవాని పేరును బెర్నార్డే యని తెలియదు. తెలిసిన కొన్ని నిమిషములకే ఇరువురును చత్తురు.

చచ్చుటకు ముందు ఆ మూలన జరిగినదేమి? ఇరువురు స్త్రీలు తగవుపడి, ఒకతె మఱియొకతెను కొట్టుచుండును. చెఱసాలలో రోర్షాక్ మనస్సును పరీక్షించిన వైద్యుడు మాల్కం లాంగ్ ఆ దారిన వచ్చును. ఆతని భార్య, నీవు పరుల గొడవలోనికి పోయితివా నన్ను మఱచిపొమ్మనును. ఆమె మనసు నెఱిగియు ఆతడు ఆ గొడవను విడిపింప పోవును. కొలువునుండి తొలగింపబడిన డిటెక్టివు కారును ఆపించి దిగును. ఆతని తోడివాడు వెంట దిగును. ఒకడు కాదు, ఇద్దఱు కాదు, అందఱును అటే పరుగెత్తుదురు. ఎవరును పట్టించుకొనరన్న రోర్షాక్ మతమునకు ఇంతకన్న జవాబేమి కావలెను? వారికి ముసుగులు లేవు. మఱుక్షణమున తెల్లని వెలుగు వచ్చును. దుకాణదారుడు పిల్లవానిని కౌగిట కప్పుకొన జూచును. హిరోషిమా గోడలపై నీడలుగా మిగిలినవారివలె ఇరువురును ఒక్క ఆకారమై, కరగి, గడి తెల్లనగును.

పండ్రెండవ అధ్యాయము ఆఱు పుటలు మాటలేని శవములు. ఒక్కొక్క పుటకు ఒక్కటే చిత్రము. ఆవలి పుటలలో వీరులు ధర్మాధర్మములు చర్చింతురు. చదువువారు త్వరత్వరగా ఆ చర్చకు పోవుదురు, అచ్చట పక్షములు ఏర్పఱచుకొందురు. మూర్ గిబ్బన్స్‌లు పదునొకండు అధ్యాయములు ఓపికగా పేరులు పెట్టి, అప్పులు, అలుకలు, ఆకలి పెట్టి పెంచిన వారందఱు వైడ్ట్ లెక్కలో ఒక అంకె. పాఠకుడును వారిని అంకెగానే చూచినచో వైడ్ట్ గెలిచినట్లే. 2009లో జాక్ స్నైడర్ తీసిన చలనచిత్రమునందు అట్లే జరిగినది. ఘోరజంతువును తీసివేసి నేరమును డాక్టర్ మన్‌హాటన్‌పై నెట్టుట తగునా యని పాఠకులు వాదించుకొనిరి. అది చిన్న మార్పు. నాటకశాలలలో ఆడిన ప్రతిలో దుకాణదారుడును, పిల్లవాడును నామమాత్రులైరి. నగరము పేలినప్పుడు మనకు తెలిసినవారెవ్వరును చావలేదు. ఇది పెద్ద మార్పు. దీనిని గూర్చి తగవు కొంచెమే.

స్త్రీపాఠకుల ఆక్షేపణను గూర్చి ఒక మాట. శాలీ జూపిటర్‌పై బ్లేక్ బలాత్కారమునకు తెగబడును. పిమ్మట కొన్నియేండ్లకు ఆమె వానినే దగ్గఱకు రానిచ్చి, వానివలన లారీ అను కూతును గనును. ఆ సంగతి బయటపడుట కథలో డాక్టర్ మన్‌హాటన్ మనసు మార్చుటకు ఉపకరించును. స్త్రీకి జరిగిన ఘోరము పురుషుని జ్ఞానోదయమునకు మెట్టు కావలెనా యని వారడుగుచున్నారు. ఈ ఆక్షేపణను మేము త్రోసిపుచ్చజాలము. ముసుగువీరుల ఆర్భాటమును నిశితముగా చూచిన యా రచయిత, ఇచ్చట అంత నిశితముగా చూడలేదు.

రోర్షాక్ మంచులోనికి పోవుటకు ముందు తన దినచర్యపుస్తకమును ఒక పత్రికకు పంపును. న్యూ ఫ్రాంటియర్స్‌మన్ అను ఆ పత్రిక కరడుగట్టిన ద్వేషముతో అచ్చగునట్టిది. వైడ్ట్ పన్నాగమంతయు బయటపడుటకు ఆధారము ఆ పుస్తకమొక్కటే. రష్యాతో మైత్రి కుదిరినది గనుక తిట్టుటకు వీలులేక సంపాదకునకు రెండు పుటలు ఖాళీపడినవి. పిచ్చివాండ్రు పంపిన కాగితముల కట్టలోనుండి ఏదో యొకటి తీసి నింపుమని ఆతడు సహాయకునితో విసుగుకొనును. సహాయకుడు చేయి చాచును, కథ ఆగును. మా కార్యాలయమునందును అట్టి కట్ట యొకటి గలదు. సంతకము లేనివి, సగము చదివి విడిచినవి అందున్నవి. ఈ నవల ముగించిన మఱునాడు దానిని క్రిందికి దింపి చూచితిమని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

ఆతడు దేనిని తీసెను, అచ్చువేసెనా, శాంతి నిలిచెనా యని పాఠకులు నేటికిని వాదించుకొనుచున్నారు. రోర్షాక్ ముసుగు లేని వేళలలో, బల్ల చంకబెట్టుకొని, ఆ పత్రిక ప్రతిని ఆ మూల దుకాణముననే కొనుక్కొనెడివాడు. సహాయకుడు ఏ కాగితమును తీసినను, ఆ మూలన దానిని అమ్ముటకు బెర్నార్డ్ లేడు.